కొత్త డోర్ స్పీకర్లు వేశాక బాస్ మాయమైన కారు: విప్పి చూస్తే ఏం దొరికిందంటే

"అన్నా, కంపెనీ స్పీకర్లే నయం అనిపిస్తోంది. ఇవి పీకేసి ఇంకా పెద్దవి వేద్దామా, లేకపోతే ఆంప్ (యాంప్లిఫయర్) పెట్టి సబ్ ఊఫర్ కూడా దించేద్దామా?" అంటూ వచ్చాడు కుర్రాడు. తనే ఒక ఆదివారం కూర్చుని వీడియోలు చూసుకుంటూ ముందు రెండు డోర్లకీ కొత్త స్పీకర్లు వేసుకున్నాడట. నిజం చెప్పాలంటే చేతిపని బానే ఉంది, డోర్ ప్యాడ్ మీద ఒక్క గీత లేదు, ఒక్క క్లిప్పూ పోలేదు, డబ్బు తీసుకుని చేసేవాళ్లు కూడా అంత శుభ్రంగా విప్పరు. తేడా అంతా లోపల ఉంది, పైకి కనపడదు.

కారు చిన్న హ్యాచ్‌బ్యాక్, ఆరేళ్ల బండి. ముందు డోర్లలో 6.5 అంగుళాల కోయాక్సియల్ స్పీకర్లు (పెద్ద స్పీకర్ మధ్యలోనే చిన్న ట్రెబుల్ స్పీకర్ ఉండేవి), 4 ఓమ్. వెనక డోర్లలో కంపెనీవే ఉన్నాయి. స్టీరియో మాత్రం రెండేళ్ల కిందట ఎవరో మార్చారు, అది ఈ కుర్రాడి పని కాదు (ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో నన్ను బాగా ఏడిపించింది ఇదే).

వాడు చెప్పిన కంప్లయింట్లు మొత్తం నాలుగు. ఒకటి, బాస్ పాత స్పీకర్లకన్నా తక్కువ. రెండు, ఎడమ డోర్ గట్టిగా వేస్తే ఆ పక్క సౌండ్ పోతుంది, మళ్లీ ఇంకోసారి వేస్తే వస్తుంది. మూడు, వాల్యూమ్ బాగా పెంచితే మొత్తం ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలవుతుంది. నాలుగోది పోయేముందు "ఇది దానికి సంబంధం లేదులే అన్నా" అంటూ చెప్పాడు: వాన పడితే ఎడమ వైపు కాళ్ల కింద మ్యాట్ తడుస్తోందట. సంబంధం లేకపోవడమేంటి తమ్ముడూ, స్పీకర్ వేశాకే తడుస్తోంది కదా అంటే, అవును కదా అన్నాడు.

ఆంప్ మాట పక్కన పెట్టు, రెండు రోజులు బండి వదిలేసి వెళ్లు, కొత్త సామాను ఏదీ కొనకు అని చెప్పి పంపించా.

విప్పక ముందు విన్నది

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు పది నిమిషాలు సీట్లో కూర్చుని వినడం నాకు అలవాటు. ఫేడర్ (శబ్దాన్ని ముందు, వెనక స్పీకర్లకి పంచే సెట్టింగ్) పూర్తిగా ముందుకి తోసేశా, అంటే వెనక స్పీకర్లు బంద్. బాస్ గిటార్ నిలకడగా మోగే పాట ఒకటి పెట్టి, బ్యాలెన్స్ పూర్తిగా ఎడమకి తిప్పితే బాస్ వస్తోంది, గొప్పగా కాదు గానీ వస్తోంది. పూర్తిగా కుడికి తిప్పితే అక్కడా వస్తోంది. మధ్యలోకి తెచ్చానో లేదో, పాట కింద ఎవరో చాప లాగేసినట్టు బాస్ మొత్తం వెళ్లిపోయింది. పాడేవాడి గొంతు కూడా డాష్‌బోర్డ్ మధ్యలో నిలబడకుండా తల చుట్టూ ఎక్కడో తిరుగుతోంది.

విడివిడిగా వింటే ఉండి, కలిస్తే పోయే బాస్‌కి ఫస్ట్ అనుమానించాల్సింది ప్లస్ మైనస్ తారుమారు కావడాన్నే. ఒక స్పీకర్ కోన్ (ముందుకీ వెనక్కీ కదిలే గరాటు) బయటికి తోస్తున్నప్పుడు రెండోది లోపలికి లాగుతుంది, ఇది తోసిన గాలిని అది మింగేస్తుంది. ఇది బాస్‌లోనే ఎందుకు ఇంత గట్టిగా తెలుస్తుందంటే, 80 హెర్ట్జ్ శబ్దం అల పొడవు దాదాపు 4.3 మీటర్లు, రెండు డోర్ల మధ్య దూరం దానిముందు ఏపాటి, మీటరున్నర కూడా ఉండదు. అందుకని రెండు పక్కల నుంచి వచ్చే అలలు దాదాపు ఒకేసారి చెవికి చేరతాయి. అవి ఒకే వైపు కదిలితే కలుస్తాయి, ఎదురెదురు కదిలితే కొట్టుకుపోతాయి. పై శబ్దాల్లో అల పొడవు కొన్ని సెంటీమీటర్లే కాబట్టి అక్కడ కొంత కలిసి కొంత కొట్టుకుని కలగాపులగంగా ఉంటుంది గానీ మొత్తం మాయం కాదు. అందుకే ఇలాంటి బండిలో కూర్చున్నవాడు "ట్రెబుల్ సూపర్, బాస్ లేదు, స్పీకర్ వేస్ట్" అంటాడు, తిట్లు తినేది పాపం స్పీకర్.

సరే, తారుమారైంది. కానీ ఏ డోర్‌లో? ఏదో ఒక పక్క వైర్లు మార్చేస్తే ముందు రెండూ కలిసిపోతాయి నిజమే, కానీ ఒకవేళ తప్పుగా ఉన్నదానికి జతగా సరిగ్గా ఉన్నదాన్నే తిప్పేస్తే ముందు రెండూ కలిసి వెనకవాటికి ఎదురు తిరుగుతాయి. గుడ్డిగా మార్చొద్దు, టెస్ట్ చేసుకోవాలి.

పెన్సిల్ సెల్, మల్టీమీటర్

బ్యాటరీ మైనస్ తీసేసి, కాసేపు ఆగి, స్టీరియో బయటికి లాగా. డోర్ పని అనగానే బ్యాటరీ ఎందుకు అంటారు కొందరు. డోర్లలో సైడ్ ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ ఉండే బండ్లు ఉన్నాయి, పసుపు కప్లర్ (ఎయిర్‌బ్యాగ్ వైర్లని కలిపే ప్లగ్) పీకి ఉండగా ఇగ్నిషన్ ఆన్ చేస్తే ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలిగి కూర్చుంటుంది, ఆ గొడవ మనకెందుకు. బ్యాటరీ తిరిగి పెట్టాక కొన్ని బండ్లలో పవర్ విండో ఆటో పని చెయ్యదు, అద్దం పూర్తిగా కిందికీ పైకీ నడిపి స్విచ్ కొంచెంసేపు పట్టుకుంటే మళ్లీ నేర్చుకుంటుంది, కంగారు పడక్కర్లేదు.

స్టీరియో వెనక కప్లర్ ఊడదీశాక వైర్ల వైపు నుంచి ఓమ్స్ చూశా. మార్కెట్ స్టీరియోల్లో రంగులు దాదాపు ఒకటే పద్ధతి: తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి, అదే రంగు మీద నల్ల గీత ఉంటే మైనస్. ముందు కుడి 3.5 చూపించింది. 4 ఓమ్ స్పీకర్ కదా 4 ఎందుకు రాలేదని భయపడకండి, మీటర్ చూపించేది కాయిల్ డీసీ రెసిస్టెన్స్, అది 3.2 నుంచి 3.8 దాకా ఉంటే 4 ఓమ్ స్పీకరే. ముందు ఎడమ దగ్గర అంకె నిలబడలేదు. 3.6, డోర్ కదిపితే 5, ఇంకొంచెం కదిపితే 9, ఆ తర్వాత ఓపెన్, అంటే లైన్ తెగినట్టు.

ఇక్కడ నేను ఒక అరగంట వేస్ట్ చేశా. డోర్ కదిపితే పోతోంది అనగానే డోర్‌కీ పిల్లర్‌కీ మధ్య రబ్బర్ బూట్‌లో (వైర్లు దాటే ముడతల గొట్టం) వైర్ తెగి ఉంటుంది అనుకుని దాన్ని పీకి చూశా, ఎందుకంటే వేలసార్లు మడత పడే చోటు అదే, పాత బండ్లలో అక్కడ తెగడం మామూలే. అన్ని వైర్లూ పుట్టినప్పటిలా ఉన్నాయి. మీటర్ పెట్టి, ఇంకొకరితో డోర్ కదిపించకుండా బూట్ మాత్రమే వంచి చూసి ఉంటే ఆ అరగంట మిగిలేది.

తర్వాత డోర్ ప్యాడ్‌లు. హ్యాండిల్ గిన్నెలో మూత కింద ఒక స్క్రూ, లాగే పిడి వెనక ఒకటి, ఆపైన కింది అంచు నుంచి ప్లాస్టిక్ పట్టీతో క్లిప్పులు ఒక్కొక్కటే లేపి, ప్యాడ్ మొత్తం పైకి ఎత్తితే వస్తుంది. వైర్ల మీద వేలాడనివ్వకుండా స్విచ్ కప్లర్, లాక్ కేబుల్ ఊడదీసి పక్కన పెట్టాలి. ఇంతే, దీనికి ఎక్కువ చెప్పేదేం లేదు.

ఇప్పుడు కోన్ కళ్లకు కనపడుతోంది కాబట్టి అసలు టెస్ట్. 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ తీసుకుని, స్టీరియో దగ్గర కప్లర్ వైర్ల వైపు, సెల్ ప్లస్‌ని ప్లస్ వైర్‌కీ మైనస్‌ని మైనస్ వైర్‌కీ ఒక్క క్షణం తాకించి తీసెయ్యాలి. కోన్ బయటికి ఉబికితే కనెక్షన్ కరెక్ట్, లోపలికి పీల్చుకుంటే తిరగబడింది. రెండు జాగ్రత్తలు: స్టీరియో కప్లర్‌కి తగిలి ఉండగా ఇది చెయ్యకూడదు, సెల్ డీసీ పోయి స్టీరియో లోపలి ఆంప్ ఐసీ (చిప్) మీద పడుతుంది. రెండోది, విడిగా ఉండే ట్వీటర్‌ని (ట్రెబుల్ స్పీకర్), దానికి డీసీని ఆపే కెపాసిటర్ లేకపోతే, సెల్‌తో తాకించొద్దు.

ఎడమ కోన్ బయటికి వచ్చింది. కుడిది లోపలికి పోయింది. దొరికాడు దొంగ.

కుడి డోర్

కుర్రాడు ఎలా తప్పు చేశాడో చూస్తే వాణ్ణి తప్పు పట్టలేం. గీత ఉన్న వైరే మైనస్ అనుకున్నాడు. స్టీరియో వెనక అది నిజం, కానీ డోర్‌లో ఉండేది కార్ కంపెనీ వైరింగ్, దాని రంగుల లెక్క వేరు, ఒక డోర్‌కీ ఇంకో డోర్‌కీ కూడా పోలిక ఉండదు. ఎడమ డోర్‌లో వాడి ఊహ కుదిరింది, కుడి డోర్‌లో కుదరలేదు. రంగు చూసి వైర్ కలపడమంటే చొక్కా రంగు చూసి మనిషిని గుర్తుపట్టడం లాంటిదే.

పైగా కంపెనీ కప్లర్ కత్తిరించేసి, వైర్లు మెలితిప్పి, పైన టేప్ చుట్టాడు. డోర్ లోపల ఎండకి టేప్ జిగురు కరిగి, టేప్ గొట్టంలా జారిపోయి పక్కన వేలాడుతోంది, మెలిక నగ్నంగా డోర్ రేకుకి దాదాపు ఆనుకుని ఉంది. మీటర్ ఒక కాలు మైనస్ వైర్ మీద, ఇంకోటి బాడీ మీద పెడితే మామూలుగా ఓపెన్, మెలికని వేలితో కొంచెం నొక్కితే సున్నా. వాల్యూమ్ పెంచినప్పుడు రేకు అదిరి ఆ మెలిక తాకుతోంది, అదీ మూడో కంప్లయింట్.

దీని గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే కుర్రాడు ఫోన్‌లో "మైనస్ బాడీకి తగిలితే ఏమవుతుంది అన్నా, లైట్లకి మైనస్ బాడీయే కదా" అన్నాడు. లైట్లకి అవును. స్పీకర్‌కి కాదు. ఇప్పటి స్టీరియోల్లో ఒక్కో స్పీకర్‌ని రెండు ఆంప్‌లు చెరో పక్క నుంచి ఎదురెదురుగా నడుపుతాయి, ప్లస్ వైర్ ఎంత లైవో మైనస్ వైర్ కూడా అంతే లైవు. స్టీరియో ఆన్ చేసి పాట ఆపి, బాడీకీ ఏ స్పీకర్ వైర్‌కైనా మధ్య డీసీ వోల్టులు కొలిస్తే బ్యాటరీలో సగం, అంటే 6 నుంచి 7 మధ్య కనపడుతుంది. రెండు వైర్ల మధ్య మాత్రం దాదాపు సున్నా. కాబట్టి మైనస్‌ని బాడీకి తాకించడమంటే ఆ 6, 7 వోల్టుల్ని నేరుగా షార్ట్ చెయ్యడం. ఐసీకి ప్రొటెక్షన్ ఉంది కాబట్టి ఒక్క క్షణం ఆగి మళ్లీ లేస్తోంది. ప్రతిసారీ లేస్తుందని గ్యారంటీ ఏమీ లేదు, రెండు స్పీకర్ల మైనస్‌లు ఒకటే వైర్‌కి కలిపేసి ఐసీ కాల్చుకున్న స్టీరియోలు నా దగ్గరికి వచ్చాయి.

మెలికలన్నీ కత్తిరించేసి, కంపెనీ కప్లర్‌కి సరిపోయే అడాప్టర్ వైర్ వేశా, జాయింట్లు క్రింపింగ్ టూల్‌తో నొక్కి హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) వేశా. టంకం ఎందుకు పెట్టలేదంటారా, తప్పేం కాదు గానీ టంకం పోగుల్లోకి పాకి ఆగిన చోట వైర్ గట్టిపడి, డోర్ అదురుకి సరిగ్గా ఆ అంచులో తెగుతుంది. సరైన టూల్‌తో నొక్కిన క్రింప్ డోర్‌లో నాకు ఎక్కువ నమ్మకం. కటింగ్ ప్లేయర్‌తో నలిపింది క్రింప్ కాదు, అది వేరే సంగతి.

ఎడమ డోర్

ఆ వేరే సంగతి ఎడమ డోర్‌లో దొరికింది. స్పీకర్ మీద ఉండే రెండు రేకు కాళ్లు ఒకటే సైజ్ ఉండవు. వెడల్పుది ప్లస్, మామూలుగా 4.8 మిల్లీమీటర్లు, సన్నది మైనస్, 2.8. తిప్పి పెట్టకూడదనే ఆ తేడా పెట్టారు. కుర్రాడి దగ్గర 4.8 లగ్గులే (కాలు మీద తొడిగే వైర్ చివరి క్లిప్పులు) ఉన్నాయి, రెండింటికీ అవే వేసి, సన్న కాలు మీద వదులుగా ఉందని ప్లేయర్‌తో నొక్కాడు. నొక్కిన రోజు గట్టిగానే ఉంటుంది. రోజూ డోర్ వేసే దెబ్బకి లగ్గు మెల్లగా వెనక్కి జరిగి, నేను చూసేసరికి చివర్న గోరంత పట్టుకుని వేలాడుతోంది, తాకే చోట రేకు నల్లగా మాడినట్టయింది. సన్న కాలుకి 2.8 లగ్గు వేసి, వైర్‌ని స్పీకర్ ఫ్రేమ్‌కి ఒక టై వేసి బిగించా, అంటే లాగుడు వస్తే టై మీద పడాలి, లగ్గు మీద పడకూడదు. రెండో కంప్లయింట్ అక్కడితో సరి.

ఇక నీళ్లు. చాలామందికి తెలియని విషయం, కారు డోర్ లోపలికి నీళ్లు రావడం మామూలే, అద్దం పక్క రబ్బర్ దాటి కొంత లోపలికి దిగుతుంది, కింద అంచులో ఉన్న బెజ్జాల్లోంచి బయటికి పోతుంది. ఆ నీటిని క్యాబిన్ వైపు రాకుండా ఆపేది ప్యాడ్ వెనక అంటించి ఉండే పాలిథిన్ షీట్. కుర్రాడు దాన్ని స్పీకర్ చుట్టూ కట్టర్‌తో కోసి, పని అయ్యాక ప్యాకింగ్ టేప్ వేశాడు, అది కూడా పోనీ అనుకుంటే షీట్ కింది అంచుని డోర్ రేకు సందులోంచి బయటికి వదిలేశాడు. షీట్ మీద జారిన నీరు డోర్ లోపల పడాల్సింది పోయి తిన్నగా ప్యాడ్ వెనక్కి, అక్కడి నుంచి మ్యాట్ మీదకి.

ఆ నీరే ఇంకో పని చేసింది. స్పీకర్ కింద వాడు వేసిన రింగ్ ఎండీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసిన పలక), రంగు కూడా వెయ్యలేదు. నీళ్లు తాగి కింద సగం రొట్టె పిండిలా ఉబ్బింది, స్క్రూ వేలితో తిప్పితే తిరుగుతోంది. స్పీకర్‌కీ రింగ్‌కీ మధ్య సందులో విజిటింగ్ కార్డ్ దూరిపోతుంది. ఎండీఎఫ్ రింగ్ వెయ్యకూడదని నేను అనను, రెజిన్‌తో అన్ని వైపులా పూసి వేస్తే ఏళ్లు ఉంటుంది, కానీ స్క్రూ బెజ్జం లోపలి గోడ కూడా పూయాలి, అది ఎవరూ పూయరు. నేను ప్లాస్టిక్ రింగులు వేశా.

రింగ్ ఎత్తు లెక్క ఊహతో వద్దు. అద్దం పూర్తిగా కిందికి దించి, మ్యాగ్నెట్ వెనక క్లే ముద్ద అంటించి స్పీకర్‌ని చోట్లో పెట్టి తీస్తే, ముద్ద ఎంత నలిగిందో చూస్తే అద్దానికి ఎంత దూరం ఉందో తెలిసిపోతుంది. నాకు కనీసం 5 మిల్లీమీటర్లు మిగలాలి. ముందు వైపు కూడా చూడాలి, రింగ్ ఎత్తు పెరిగితే కోన్ చుట్టూ ఉండే రబ్బర్ ఊగి ప్యాడ్ జాలీకి తగులుతుంది, అప్పుడు వచ్చే బర్రు శబ్దానికి జనం స్పీకర్ చిరిగిందనుకుంటారు.

గాలి సందులు

పోలారిటీ (ప్లస్ మైనస్ దిశ) సరిచేశాక ప్యాడ్ పెట్టకుండానే ఒకసారి మోగించా. బాస్ వచ్చింది, ఇంకా బక్కగానే ఉంది. టిష్యూ పేపర్ ముక్క పట్టుకుని డోర్ రేకులో ఉన్న పెద్ద బెజ్జం దగ్గర పెడితే బాస్ కొట్టినప్పుడల్లా జెండాలా ఊగుతోంది. స్పీకర్ ముందుకి ఎంత గాలి తోస్తుందో వెనక్కి అంతే తోస్తుంది, రెండూ ఒకదానికొకటి ఎదురు. వెనక గాలి ఏ సందులోంచైనా ముందుకి వస్తే మళ్లీ అదే కథ, తోసింది మింగుడే. డోర్ అంటే స్పీకర్ డబ్బా అనుకోండి, పక్కన కిటికీలు తెరిచిన డబ్బా ఎలా మోగుతుంది?

కంపెనీ స్పీకర్‌కి ప్లాస్టిక్ గిన్నె, దాని అంచున ఫోమ్, అది ప్యాడ్ జాలీకి ఆనుకునేలా మొత్తం ఒకే ముక్కగా వస్తుంది. కొత్త స్పీకర్, రింగ్ వేసినప్పుడు ఆ ఫోమ్ పోతుంది, దాంతో సగం శబ్దం ప్యాడ్ వెనక తిరుగుతూ ఉండిపోతుంది. పాతదే బాగుంది అనడంలో ఇదీ ఒక కారణం, కుర్రాడి చెవి అబద్ధం చెప్పలేదు. రింగ్ వెనక రేకుకి ఆనే చోట ఒక ఫోమ్ పట్టీ, స్పీకర్ ముందు అంచున ఇంకో మందమైన ఫోమ్ చుట్టు, ప్యాడ్ పెడితే అది కొంచెం నలగాలి.

డోర్ బయటి రేకు లోపలి వైపు, సరిగ్గా స్పీకర్ వెనక, మధ్యలో, 2 మిల్లీమీటర్ల బ్యూటైల్ డంపింగ్ షీట్ (రేకు వణుకు తగ్గించే జిగురు రబ్బర్) ముక్కలు వేశా. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో దుమ్ము, నూనె తుడిచి, రోలర్‌తో గట్టిగా నొక్కాలి. రేకు మొత్తం పరిచెయ్యక్కర్లేదు, పావు వంతు నుంచి మూడో వంతు కప్పితే వణుకు చాలావరకు చస్తుంది, మిగతాది ఉత్త బరువు. లోపలి రేకులో పెద్ద బెజ్జాలు అదే షీట్‌తో మూసేశా, లాక్ రాడ్‌లకి తగలకుండా, కింద నీళ్లు పోయే బెజ్జాలు మూయకుండా. ఒక హెచ్చరిక: కొన్ని బండ్లలో ముందు డోర్ లోపల గాలి ఒత్తిడితో పనిచేసే సైడ్ ఇంపాక్ట్ సెన్సర్ ఉంటుంది, అలాంటి డోర్‌లో కొత్త బెజ్జం కొట్టడం గానీ కంపెనీ సీల్ తీసి అలాగే వదిలెయ్యడం గానీ చెయ్యకూడదు. ఈ బండిలో అది లేదని సర్వీస్ మాన్యువల్ చూసుకున్నాకే షీట్ చేతిలోకి తీసుకున్నా.

పాలిథిన్ కొత్తది కోసి, బ్యూటైల్ తాడుతో చుట్టూ అంటించి, కింది అంచు సందులోకి దోపి, మగ్గుతో అద్దం మీద నీళ్లు పోసి చూశా. నీరు కింద బెజ్జాల్లోంచే పోయింది, షీట్ క్యాబిన్ వైపు పొడిగా ఉంది.

కుడి స్పీకర్‌లో ఇంకో చిన్న గరగర ఉండేది. కోన్‌ని నాలుగు వేళ్లతో సమానంగా నొక్కితే ఇసుక రాసినట్టు వినిపించింది. కంపెనీ స్పీకర్ రివెట్లతో ఉంటే వాటిని డ్రిల్ చేసి తీశాడు, ఆ ఇనుప రజను డోర్ అడుగున ఉండి అయస్కాంతం లాక్కుంది. జిగురు టేప్‌తో అద్ది అద్ది తీశా, చాలావరకు పోయింది. డ్రిల్ పనంతా అయ్యాక డోర్ అడుగు తుడిచి, అప్పుడు కొత్త స్పీకర్‌ని కవర్‌లోంచి తియ్యండి.

ఆంప్ మాట

స్టీరియో డబ్బా మీద 50 వాట్లు ఇంటూ 4 అని ఉంది. ఇంజిన్ నడుస్తుండగా సప్లై 14.4 వోల్టులు అనుకుంటే, ఎదురెదురు ఆంప్‌ల పద్ధతిలో పీక్ 14.4 దాటి పోలేదు, దాని ఆర్ఎంఎస్ (పవర్ లెక్కకి వాడే సగటు లాంటి విలువ) 10.2, దాన్ని 4 ఓమ్ మీద వేస్తే 26 వాట్లు, ఐసీ తనలో తినేది పోగా చేతికొచ్చేది 20 దరిదాపుల్లో. అంతే ఉంది మన దగ్గర. కుర్రాడేమో బాస్ రావట్లేదని ఈక్వలైజర్‌లో కింది బ్యాండ్‌కి ప్లస్ 6 డీబీ పెట్టాడు. 6 డీబీ అంటే ఆ చోట నాలుగు రెట్లు పవర్ అడిగినట్టు, లేని పవర్ అడిగితే వచ్చేది బాస్ కాదు, చీలిన శబ్దం. దాన్ని సున్నాకి తెచ్చి, ముందు స్పీకర్లకి హైపాస్ (ఒక హద్దుకి కింది శబ్దాన్ని తగ్గించే ఫిల్టర్) 80 హెర్ట్జ్, 12 డీబీ స్లోప్ పెట్టా.

వైర్ కూడా మందంది మార్చాలా అని అడిగాడు. కంపెనీ వైర్ 0.5 చదరపు మిల్లీమీటర్లు అనుకుని, రానూపోనూ 10 మీటర్లు వేసుకున్నా 0.35 ఓమ్ చిల్లర, 4 ఓమ్ స్పీకర్ దగ్గర పోయేది ముప్పావు డీబీ కూడా కాదు. 20 వాట్లకి డోర్ బూట్‌లోంచి కొత్త వైర్ తోసే బాధ అనవసరం. రేపు బయట ఆంప్ పెడితే అప్పుడు చూద్దాం అన్నా.

నా తప్పు

రెండో రోజు సాయంత్రం వాడు వచ్చి విని, నోరు తెరిచి, ఇవి అవే స్పీకర్లా అని జాలీలోంచి తొంగి చూశాడు. నాకూ కడుపు నిండింది. మర్నాడు పొద్దున్నే ఫోన్: "అన్నా, ముందువి ఒక్కటే పెడితే అదిరిపోతోంది, ఫేడర్ మధ్యలో పెడితే మళ్లీ బాస్ తగ్గుతోంది."

నేను టెస్ట్ చేసిందంతా ఫేడర్ ముందుకి తోసే. వెనక డోర్లు కంపెనీవే కదా, ఎవరూ ముట్టుకోలేదు కదా అనుకుని సెల్ పట్టుకోలేదు. డోర్లు ముట్టుకోలేదు నిజమే, కానీ స్టీరియో మార్చినవాడు అడాప్టర్ వైరింగ్‌లో ఆకుపచ్చ, ఊదా రెండు జతలూ తిప్పి కలిపాడు. రెండూ ఒకేలా తప్పు కాబట్టి వెనక రెండూ తమలో తాము కలిసే ఉన్నాయి, ముందువాటికి మాత్రం ఎదురు. ముందు కుడి తప్పుగా ఉన్నన్నాళ్లూ ముందు నుంచి బాస్ ఎటూ లేక ఇది బయటపడలేదు. బండి రప్పించి, స్టీరియో మళ్లీ లాగి, నాలుగింటికీ సెల్ తాకించి, వెనక రెండు జతలూ తిప్పి క్రింప్ చేశా, ముప్పావుగంట పని. అప్పటి నుంచి ఒక్క స్పీకర్ మార్చినా నాలుగింటికీ సెల్ పెడుతున్నా.

మూడు వారాలకి వానలు పడ్డాక బండి మళ్లీ తెప్పించి చూశా. మ్యాట్ పొడి. ముందు ఎడమ 3.6, డోర్ ఎంత గట్టిగా వేసినా అంకె కదల్లేదు. ముందు కుడి 3.5. నాలుగు జతల్లో ఏ వైర్‌కీ బాడీకీ మధ్య లింకు లేదు. కుడి డోర్‌లో డంపింగ్ షీట్ ఒక మూల ఎండకి కొంచెం లేచింది, అక్కడ నేను సరిగ్గా తుడవలేదు. మళ్లీ ఆల్కహాల్‌తో తుడిచి, హీట్ గన్‌తో వెచ్చ చేసి, రోలర్‌తో నొక్కి ప్యాడ్ బిగించేశా.